పీటు నేలలు క్రుంగుట: వానకును ఆవిరికిని గల జమాఖర్చు

సేద్యము చేయువానికి భూమియే మూలధనము. ఒక యేడు పంట పోయినచో మరుసటి యేడు రావచ్చును. ఎద్దు పోయినచో మరియొక యెద్దును కొనవచ్చును. కాని కాలిక్రింది నేలయే తరిగిపోయినచో దానిని మరల తెచ్చుకొను ఉపాయము లేదు. పట్టాలో వ్రాసిన ఎకరములు అట్లే యుండి, హద్దురాళ్లు కదలక యుండి, శిస్తు తగ్గక యుండి, నేల మాత్రము ఏటేట క్రుంగి, కడపట అడుగున నున్న బంకమన్ను బయటపడు భూములు ప్రపంచములో కలవు. వానిని పీటు నేలలందురు.

ఇట్టి నేలలు తెలంగాణమున లేవు. అయినను వీని చరిత్ర మన రైతులు తెలిసికొనదగినది. నీటిని ఎంత నిలుపవలయును, ఎంత వదలవలయును, ఎప్పుడు వదలవలయును అను ప్రశ్న తూము తెరచు ప్రతివానికిని ఎదురగునదే. పీటు నేలలలో ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవారు ఒక పంటను గాదు, నేలనే పోగొట్టుకొనిరి. వాన ఎంత కురిసినది, ఎండ ఎంత త్రాగినది, కాలువ ఎంత కొనిపోయినది అను మూడు లెక్కలును కలిసి ఆ నేలను ఎట్లు క్రుంగజేయునో ఈ కరపత్రమున వివరింపబడును.

1. పీటు అనగా నేమి?

ఆకులు, వేళ్లు, నాచు, గడ్డి మొదలగునవి ఏటేట నేలపై పడుచుండును. సాధారణమైన పొలములలో గాలి తగులుటవలన సూక్ష్మజీవులు వీనిని తిని త్వరలో చివికించివేయును. నీరు ఎల్లప్పుడును నిలిచియుండు పల్లములలో గాలి లోనికి చొరదు. గాలి లేనిదే ఆ సూక్ష్మజీవుల పని సాగదు. కావున అచటి ఆకు అలము సగము మాత్రమే క్రుళ్లి పొరపై పొరగా పేరుకొనును. ఇట్లు ఏర్పడిన నల్లని, మెత్తని, తేలికయైన నేలయే పీటు.

ఇది మిక్కిలి మెల్లగా పెరుగును. సామాన్యముగా సంవత్సరమునకు ఒక మిల్లీమీటరు పెరుగునని లెక్క. అనగా ఒక అడుగు మందము కూడుటకు సుమారు 300 సంవత్సరములు పట్టును. తడిగా నున్న పీటు బరువులో పదింట తొమ్మిది పాళ్లు నీరే. పిడికిట పట్టి పిండినచో తడిబట్టను పిండినట్లు నీరు కారును. దీనినిబట్టి యీ నేలకు నీరు పైనుండి వచ్చిపోవు చుట్టము కాదనియు, ఇంటిని నిలుపు దూలమనియు తెలియవలయును.

భూగోళమునందలి నేలలో నూటికి సుమారు మూడు పాళ్లు పీటు నేలలు. ఉత్తర ఐరోపా, రష్యా, కెనడా, ఇండోనేషియా, కాంగో దేశములలో ఇవి విస్తారముగా నున్నవి. మన దేశమున నీలగిరి కొండలపై గల తడి లోయలలోను, కేరళలోని కుట్టనాడు ప్రాంతమున 'కరి' అని పిలువబడు నల్లనేలలలోను ఇట్టి పదార్థము కనబడును.

తెలంగాణమున ఇది ఏల ఏర్పడలేదు? ఇచట సంవత్సరమునకు సగటున సుమారు 35 అంగుళముల వాన కురియును. అది చాలవరకు నాలుగు నెలలలోనే కురిసిపోవును. తక్కిన నెలలలో ఎండయు గాలియు నేలలోని తడిని పీల్చివేయును. ఏడాది మొత్తముపై ఎండ త్రాగగల నీరు వాన యిచ్చు నీటికంటె చాల హెచ్చు. నేల ఆరినప్పుడెల్ల గాలి లోనికి చొచ్చి ఆకు అలమును చివికించివేయును. మన చెరువుల పూడికమన్ను నల్లగా నుండినను అది ప్రధానముగా ఒండ్రును బంకమన్నునే గాని పీటు కాదు.

2. నీటి జమాఖర్చు

పీటు నేలకు ఒక ఖాతా యున్నదనుకొనుడు. జమ వైపున వాననీరును, ఎగువనుండియో నదినుండియో వచ్చు నీరును వ్రాయవలయును. ఖర్చు వైపున ఆవిరియై పోవు నీరును, కాలువలవెంట పోవు నీరును వ్రాయవలయును. మిగిలినదే నిల్వ. నేల ఆరోగ్యము ఆ నిల్వపై ఆధారపడియుండును. నిల్వ ఎంత యున్నదో తెలుపునది నేలలోని నీటిమట్టము.

నేలనుండి నేరుగా ఎగిరిపోవు తడియు, మొక్కలు వేళ్లతో త్రాగి ఆకులగుండా విడుచు తడియు కలిపి ఇచట ఆవిరి యని చెప్పబడుచున్నది. ఎండ తీవ్రత, పగటి నిడివి, గాలి వేగము, గాలిలోని పొడితనము హెచ్చినకొలది ఆవిరి హెచ్చును. ఇది కంటికి కనబడదు కావున రైతు దీనిని లెక్కలోనికి తీసికొనడు. ఒక ఎకరముపై ఒక అంగుళము నీరనగా సుమారు 1,00,000 లీటర్లు. దాని బరువు సుమారు 100 టన్నులు. చప్పుడు లేకుండ ఇంత బరువు పొలమునుండి ఎగిరిపోవుచున్నదని జ్ఞప్తియం దుంచుకొనవలయును.

ఇంగ్లండు తూర్పుభాగమున ఫెన్స్ అను పల్లపు ప్రాంతము కలదు. అచట ఏటికి 22 మొదలు 24 అంగుళముల వాన మాత్రమే కురియును. ఆ దేశమున మిక్కిలి తక్కువ వాన గల ప్రాంతములలో ఇది యొకటి. చలికాలమున ఆవిరి స్వల్పము కావున వాన మిగులును. జూన్, జూలై నెలలలో నెలకు వాన సుమారు 2 అంగుళములు. ఎండ త్రాగగలిగినది సుమారు 4 అంగుళములు. అనగా నెలకు 2 అంగుళముల లోటు. ఏడాది మొత్తమున జమయు ఖర్చును ఇంచుమించు సరిపోయినట్లు కనబడును గాని, లోటు ఒక కాలమునను మిగులు మరియొక కాలమునను వచ్చుచున్నది. కాపుకాలమున అప్పు చేసి కోతకాలమున తీర్చువాని ఖాతా వంటిదే ఇదియు. వడ్డీ మధ్యలో పెరుగును.

ఆ వడ్డీ యెట్టిదో చూడుడు. చివికిన పీటు నేలలో ఒక అంగుళము నీరు తగ్గినచో నీటిమట్టము ఒక అంగుళము మాత్రమే దిగదు. రంధ్రములలోని నీటిలో చాలభాగము నేలను అంటిపెట్టుకొనియే యుండి, కొంచెము మాత్రమే వదలును. అందువలన ఒక అంగుళపు లోటునకు నీటిమట్టము 5 మొదలు 10 అంగుళముల వరకు దిగవచ్చును. పై లెక్క ప్రకారము ఒక్క వేసవి నెలలోనే నీరు ఒక అడుగుకంటె లోతునకు పోవుటకు అవకాశము కలదు. నీరు దిగినంత మేర గాలి లోనికి దిగును.

ప్రకృతి యీ లోటును ఓర్చుకొనుటకు కొన్ని యేర్పాటులు చేసియున్నది. చెడని పీటు నేల స్పంజివలె మెత్తనిది. వేసవిలో నీరు తగ్గినప్పుడు నేల పైభాగమే కొంత దిగి నీటితో కూడ పోవును. వానలు రాగానే మరల లేచును. దీనినే నేల ఊపిరి తీయుట యందురు. పైనున్న నాచు ఎండి తెల్లబారి ఆవిరిని కొంత అరికట్టును. నదులును ఊటలును కొంత నీటిని తెచ్చి పూరించును. ఈ యేర్పాటులచేతనే వేలకొలది సంవత్సరములు వేసవులు వచ్చిపోయినను పీటు నిలిచినది. మనుష్యుడు కాలువ త్రవ్వి ఖర్చు వైపున క్రొత్త పద్దు వ్రాసినప్పుడు ఈ యేర్పాటులన్నియు తలక్రిందులైనవి.

3. నేల క్రుంగు విధములు

నీరు తగ్గిన పీటు నేల మూడు విధములుగా క్రుంగును. ఈ మూటిని వేరువేరుగా తెలిసికొననిచో, వాన వచ్చినప్పుడు ఏది తిరిగివచ్చునో ఏది తిరిగిరాదో తెలియదు.

మొదటిది అణగుట. బావిలో చేద మునిగియున్నంతసేపు తేలికగా నుండును; నీటిపైకి వచ్చిన తోడనే బరువెక్కును. పీటు పొరలును అట్టివే. నీటిలో మునిగియున్నప్పుడు పైపొరల బరువు క్రిందిపొరలపై అంతగా పడదు. నీటిమట్టము దిగిన వెంటనే పైపొర బరువై క్రిందిదానిని నొక్కివేయును. కాలువ త్రవ్విన మొదటి సంవత్సరములలో నేల వేగముగా దిగుటకు ఇది ముఖ్యకారణము.

రెండవది ముడుచుకొనుట. ఎండిన పీటు బిగుసుకొని నెఱియలు పడును. మన రేగడి నేలయు వేసవిలో నెఱియలు విచ్చును గదా యని రైతులు తలపవచ్చును. రేగడి నెఱియలు తొలకరి వానలకు మూసికొనును. బంకమన్ను తడిసి మరల ఉబ్బును. పీటు అట్లు కాదు. కొంతవరకు ఎండినచో తడిసి ఉబ్బును గాని, హద్దు మీరి యెండినచో దాని గుణమే మారిపోవును. అట్టి పీటుపై పడిన వాన తామరాకుపై నీటివలె జారిపోవును. నీటిని పట్టుకొను శక్తి తగ్గినందున మరుసటి వేసవిలో నీటిమట్టము మరింత త్వరగా దిగును.

మూడవది చివుకుట. గాలి చొచ్చిన పొరలలో సూక్ష్మజీవులు పని మొదలిడి, వేల సంవత్సరములుగా దాగియున్న పదార్థమును బొగ్గుపులుసు వాయువుగా మార్చి ఆకాశములోనికి పంపివేయును. వెచ్చదనము హెచ్చినకొలది ఈ పని వేగమగును. నేల ఇచట నలిగిపోవుట లేదు, లేకుండపోవుచున్నది. ఎంత వాన కురిసినను ఇట్లు పోయినది తిరిగిరాదు.

వీనికి తోడు గాలియు నిప్పును కలవు. ఎండి పొడియైన పీటును వసంతకాలపు పెనుగాలి విత్తనముతోను ఎరువుతోను కూడ ఎత్తుకొనిపోవును. నిప్పంటుకొన్న పీటు మంట లేకుండ లోలోపల వారములకొలది, ఒక్కొక్కప్పుడు నెలలకొలది రగులుచుండును.

కావున వాన తిరిగి యియ్యగలిగినది ముడుచుకొనిన దానిలో కొంత. అణగిన దానిలో స్వల్పము. చివికినదానిలో ఏమియు లేదు.

4. హోమ్ ఫెన్ స్తంభము చెప్పు సాక్ష్యము

ఫెన్స్ ప్రాంతమున 17వ శతాబ్దమునందు బెడ్‌ఫర్డ్ ప్రభువును, ఆయన తోడి భాగస్వాములును పెట్టుబడి పెట్టగా, వెర్మ్యూడెన్ అను డచ్చి ఇంజనీరు పెద్ద కాలువలు త్రవ్వించి నీటిని సముద్రమునకు మరలించెను. నేల ఆరెను, పంటలు పండెను, కాని నేల క్రుంగుటవలన నీరు తనంతట తాను పారుట మానెను. అంతట గాలిమరలు నిలిపి నీటిని పైకి తోడిరి. నేల మరల క్రుంగెను. 19వ శతాబ్దమున ఆవిరియంత్రములు వచ్చెను. తరువాత డీజిలు, విద్యుత్తు పంపులు వచ్చెను. యంత్రము మారినప్పుడెల్ల నీరు మరింత లోతునకు దిగెను. నేలయు దానిని వెంబడించెను.

ఆ ప్రాంతమున విటిల్సీ మియర్ అను పెద్ద సరస్సు ఉండెడిది. 1851లో లండను మహాప్రదర్శనమునకు వచ్చిన ఆపొల్డు పంపుచేత దాని నీటిని తోడివేసిరి. నేల క్రుంగునని ఆ భూస్వామి ముందే యెరుగును. కావున సమీపమున హోమ్ ఫెన్ అను చోట, పీటుక్రిందనున్న గట్టిమన్నులోనికి ఒక స్తంభమును దింపి, దాని తలను నేలకు సమముగా నుంచిరి. మొదట కఱ్ఱస్తంభము పాతి, కొలదికాలమునకే దాని స్థానమున ఇనుపస్తంభమును నిలిపిరి.

మొదటి పది పండ్రెండు సంవత్సరములలోనే స్తంభము దాదాపు 5 అడుగులు బయటపడెను. 1892 నాటికి సుమారు 10 అడుగులు బయటపడెను. నేడు దాని తల నేలకు సుమారు 13 అడుగుల ఎత్తున నున్నది. ఆ చోటు సముద్రమట్టమునకు సుమారు 9 అడుగులు దిగువన నుండి, గ్రేట్ బ్రిటనులో మిక్కిలి పల్లపు ప్రదేశములలో ఒకటిగా చెప్పబడుచున్నది. స్తంభము కదలలేదు, నేల దిగినది.

ఇందు రెండు సంగతులు గమనింపవలయును. మొదట వేగముగా క్రుంగినది అణగుటవలనను ముడుచుకొనుటవలనను. తరువాత మెల్లగా క్రుంగినది చాలవరకు చివుకుటవలన. వేగము తగ్గినది చూచి నేల నిలుకడకు వచ్చినదని సంతోషించుట పొరపాటు. తిరిగిరాని భాగము పోవునది ఆ నెమ్మదియైన కాలముననే. నీరు లోతున నున్నంతకాలము ఆ నష్టము ఆగదు.

ఆ ప్రాంతపు రైతులు బంగాళాదుంప, చక్కెరదుంప మొదలగు పంటలు పండించి మంచి లాభములు పొందిరి. అది నిజమే. కాని చాలచోట్ల పీటు నశించి అడుగున నున్న బంకమన్ను నాగలికి తగులుచున్నది. వేల యేండ్లనాడు పూడిపోయిన చెట్ల మొద్దులు పైకి వచ్చి నాగళ్లను విరుగగొట్టుచున్నవి. బాటలు ఎగుడుదిగుడై, కొన్ని యిండ్లు ఒక ప్రక్కకు ఒరిగినవి. నదులు పొలములకంటె ఎత్తున గట్ల నడుమ పారుచున్నవి. పంపులు ఆగినచో పొలములు మునుగును.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున బెల్ గ్లేడ్ అను చోట 1924లో ఇట్లే 9 అడుగుల కాంక్రీటు స్తంభమును రాతిపొరవరకు దింపి, తలను నేలకు సమముగా నుంచిరి. దానిలో సుమారు 6 అడుగులు బయటపడినది. అచట వాన ఫెన్స్ వానకు రెండింతలకు మించి కురియును. అయినను వెచ్చని దేశము కావున ఆవిరియు హెచ్చు, చివుకుటయు వేగము.

5. వాన ఎక్కువైనచో చాలునా?

పై సంగతులు చదివినవారు, ఫెన్స్‌లో వాన తక్కువ కావున నేల క్రుంగినది, వాన ఎక్కువైనచోట ఈ కష్టము లేదని తలపవచ్చును. ఇండోనేషియాలోని మధ్య కలిమంతాన్ వృత్తాంతము ఈ తలంపును ఖండించును. అచట ఏటికి సుమారు 100 అంగుళముల వాన కురియును. మన వానకు ఇది దాదాపు మూడింతలు.

1996లో ఆ దేశప్రభుత్వము సుమారు 10 లక్షల హెక్టార్లలో, అనగా దాదాపు 25 లక్షల ఎకరములలో, వరి పండించు సంకల్పముతో పీటు అడవులను నరికించి 4,000 కిలోమీటర్లకు మించిన కాలువలను త్రవ్వించెను. వరి ఆశించినట్లు పండలేదు. 1997లో ఎల్ నినో కారణముగా వానలు వెనుకబడెను. ఆ దేశమున ఆవిరి నెలకు 4 మొదలు 5 అంగుళములు. వాన అంతకంటె తగ్గిన ప్రతినెలయు లోటు నెలయే. అట్టి నెలలు వరుసగా వచ్చినప్పుడు, కాలువలు నీటిని ముందుగానే కొనిపోయినందున, పీటు లోతువరకు ఎండిపోయెను. నిప్పంటుకొని నెలలకొలది రగిలి, పొగ పొరుగు దేశములకును వ్యాపించెను. 1999లో ఆ ప్రణాళికను విరమించిరి. కాలువలు మాత్రము మిగిలియుండి నీటిని లాగుచునే యుండెను. 2015లో మరల కరవు రాగా మరల దహనము జరిగెను.

ఆగ్నేయాసియాలోని ఇట్టి నేలలను కొలిచినవారు, నీరు తీసిన మొదటి 5 సంవత్సరములలో నేల సుమారు నాలుగున్నర అడుగులును, తరువాత ఏటికి సుమారు 2 అంగుళములును క్రుంగుచున్నదని తేల్చిరి.

22 అంగుళముల వాన గల చోటను 100 అంగుళముల వాన గల చోటను నేల క్రుంగినది. కావున ఏడాది వాన మొత్తము ఎంత యను ప్రశ్న ప్రధానము కాదు. వానకంటె ఆవిరి మించిన నెలలలో నీటిమట్టము ఎంత లోతునకు దిగినది, అచట ఎన్ని దినములు నిలిచినది అనునదే ప్రధానము. వానను మనము శాసింపలేము, ఎండను ఆపలేము. జమాఖర్చులో మన చేతిలో నున్న పద్దు కాలువ యొక్కటియే.

6. ఎండిన కట్ట

ఆవిరి ఎంతటి పని చేయగలదో తెలుపు ఉదాహరణము మరియొకటి కలదు. చెరువుకట్ట క్రింద కాపురముండు మన రైతులకు ఇది సులభముగా బోధపడును. హాలండు దేశమున విల్నిస్ అను ఊరి చెంత పీటుతో కట్టిన పాత కాలువగట్టు ఉండెను. 2003 వేసవి మిక్కిలి వేడిగాను, వానలు లేకయు గడచెను. ఆగస్టు 26వ తేదీ రాత్రి, వరద గాని తుపాను గాని లేకుండగనే, ఆ గట్టులో ఒక భాగము ప్రక్కకు జరిగిపోయి నీరు ఊరిలోనికి వచ్చెను. అనేకులను ఇండ్లనుండి తరలింపవలసి వచ్చెను.

కారణమేమనగా, తడిగా నున్నప్పుడు గట్టు తన బరువుచేతనే నీటి తాకిడికి నిలిచెడిది. బరువులో అధికభాగము నీరే గదా! ఎండ ఆ నీటిని త్రాగివేయగా గట్టు తేలికయైనది. కాలువనీరు దానిని త్రోసివేసినది. నాటినుండి ఆ దేశమున వానలు లేని వేసవులలో పీటు గట్లను నెఱియలకై తిరిగి చూచుచు, అవసరమైనచోట నీరు చల్లుచున్నారు. గట్టు వానకాలమున తెగునని మాత్రమే భయపడువారు, ఎండకాలమునను గట్టువైపు చూడవలయును.

7. నేలను కాపాడు పద్ధతులు

పీటు నేలలను సేద్యమున కుంచుకొనువారికి శాస్త్రజ్ఞులును అనుభవజ్ఞులును చెప్పు పద్ధతులు ఇవి.

ఒకటి. పంటకు కావలసిన లోతుకంటె ఒక్క అంగుళమైనను హెచ్చుగా నీరు దింపరాదు. ఇండోనేషియాలో దహనముల అనంతరము చేసిన నిబంధన ప్రకారము, సాగుచేయు పీటు నేలలో నీటిమట్టము 40 సెంటీమీటర్లకంటె, అనగా సుమారు 16 అంగుళములకంటె, దిగువకు పోరాదు. 2021లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, లోతుగా నీరు తీసిన పీటు పొలములలో నీటిమట్టమును 10 సెంటీమీటర్లు పైకి తెచ్చినచో, హెక్టారు నుండి ఏటికి కనీసము 3 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సరియగు నష్టము తగ్గును.

రెండు. కాలువలకు అడ్డుపలకలు వేసి నీటిని నిలుపవలయును. ఈ పని వానకాలము ముగియుటకు ముందే చేయవలయును. నేల ఎండిన తరువాత నీరు పెట్టిన అది లోనికి దిగదు. అలుగు పారుచుండగా పలక వేయుటయే తెలివి.

మూడు. నేలను బోడిగా ఉంచరాదు. బోడినేలపై ఎండయు గాలియు నేరుగా తగులును. లోతు దుక్కి గాలిని లోనికి పంపును కావున దానిని తగ్గింపవలయును.

నాలుగు. కొయ్యకాళ్లను గాని గడ్డిని గాని పీటు నేలపై కాల్చరాదు.

ఐదు. వీలైనచోట తడినేలకు తగిన పంటలను ఎంచుకొనవలయును. ఐరోపాలో కొందరు రెల్లును జమ్మును పెంచి ఇంటికప్పులకును పలకలకును వినియోగించుచున్నారు. ఆగ్నేయాసియాలో సగ్గుబియ్యపు తాటిచెట్టు తడిపీటుపై సహజముగా పెరుగును.

ఆరు. కొలత యుండవలయును. గట్టిపొరవరకు దింపిన ఒక గొట్టమును గురుతుగా నిలిపి నేల ఎంత దిగినదో ఏటేట వ్రాయవలయును. రంధ్రములు చేసిన మరియొక గొట్టమును పాతి నీటిమట్టమును పక్షమునకు ఒకసారి చూడవలయును. వానకొలతయు దాని ప్రక్కన వ్రాసినచో జమాఖర్చు కంటికి కనబడును.

హోమ్ ఫెన్ ప్రాంతముననే 2001లో గ్రేట్ ఫెన్ అను ప్రయత్నము మొదలైనది. సుమారు 3,700 హెక్టార్లలో క్రమముగా నీటిని మరల నిలిపి, మిగిలిన పీటును కాపాడుట దాని ఉద్దేశము. మూడువందల యేండ్లు నీటిని తోడినవారి దేశముననే నేడు నీటిని నిలుపుటకు పొలములు కొనబడుచున్నవి.

8. కొన్ని సందేహములు

ప్రశ్న: మంచి వానలు కురిసిన యేడు క్రుంగిన నేల మరల పైకి రాదా?
జవాబు: కొంచెము లేచును. అది ముడుచుకొనిన భాగము మాత్రమే. చివికిపోయినది రాదు. ఒక అడుగు పీటు మరల పెరుగవలయునన్న, తడి నిలిచియుండి సుమారు 300 సంవత్సరములు కావలయును.

ప్రశ్న: నీరు పైన నిలిపినచో పంట చెడదా?
జవాబు: కొన్ని పంటలు చెడును. దుంపలకును కూరలకును లోతైన ఆరుదల కావలయును. కావున నేటి రాబడి కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదలను ఒక వైపునను, నేల ఆయువును రెండవ వైపునను ఉంచి తూచుకొనవలయును. పీటు పోయిన తరువాత అడుగున నేమి యున్నదో ముందే త్రవ్వి చూచినచో తూకము స్పష్టమగును.

ప్రశ్న: చెట్లు నాటినచో నేల నిలుచునా?
జవాబు: కాలువ తెరచియుంచి చెట్లు నాటినచో మేలు లేదు. చెట్లు వాననీటిలో కొంత ఆకులమీదనే ఆవిరి చేయును. వేళ్లతో మరికొంత త్రాగును. నీరు నిలిచిన సహజమైన అడవి వేరు. అచట నీడవలన పీటు చల్లగా నుండును. ముందు నీరు, తరువాత చెట్టు.

ప్రశ్న: మన దేశపు కరి నేలలకు ఇది వర్తించునా?
జవాబు: వర్తించును. అచట మరియొక చిక్కును కలదు. కరి నేలలు ఎండినప్పుడు లోపలి గంధక పదార్థములు గాలి తగిలి ఆమ్లముగా మారును. ఆ పులుపువలన వరి దెబ్బతినును. కావున ఆ నేలలను అతిగా ఎండనీయరాదు.

ప్రశ్న: పీటు లేని మన రైతునకు ఇందుండి నేర్వవలసిన దేమి?
జవాబు: పెంటకుప్పను ఎండలో ఆరబోసినచో ఏమగునో ప్రతి రైతును ఎరుగును. ఎరువు సగము గాలిపాలగును. గోతిలో వేసి తడిపి కప్పియుంచినచో నిలుచును. పొలములోని జీవపదార్థమునకును ఇదే నియమము. మన వేడిదేశమున అది త్వరగా హరించును గాన, ఏటేట ఎరువు వేసి పూరింపక తప్పదు.

9. సారాంశము

(1) పీటు నేల బరువులో పదింట తొమ్మిది పాళ్లు నీరే. నీరు పోయినచో నేల నిలువదు.

(2) వానకంటె ఆవిరి మించిన నెలలలోనే నష్టము జరుగును. ఏడాది వాన మొత్తము చూచి మోసపోరాదు.

(3) ఒక అంగుళము నీటి లోటు నీటిమట్టమును 5 మొదలు 10 అంగుళములు దింపవచ్చును.

(4) ముడుచుకొనినది కొంత తిరిగివచ్చును. చివికినది తిరిగిరాదు.

(5) క్రుంగు వేగము తగ్గినంత మాత్రమున అపాయము తొలగినట్లు కాదు.

(6) వానయు ఎండయు మన అధీనమున లేవు. కాలువ మన అధీనమున నున్నది. వానకాలము ముగియుటకు ముందే దానిని మూయవలయును.

పట్టాలోని ఎకరములు భూమి నిడివియు వెడల్పును మాత్రమే చెప్పును. లోతు ఏ కాగితమునను వ్రాయబడియుండదు. దానిని రైతే కొలిచి, రైతే కాపాడుకొనవలయును.